పీఠం దిగి తార్నాక దాకా

హైదరాబాదు వెళ్లొచ్చానని తెలిశాక మా వైపు వాళ్లందరూ ఒకే మాట అడుగుతున్నారు, చార్మినారు చూశారా అని. చూడలేదు. బిర్యానీ కూడా తినలేదు. నేను చూసింది తార్నాక కూడలి, దాన్ని ఆనుకుని చెట్ల మధ్య మైళ్లకొద్దీ పరుచుకున్న ఒక విశ్వవిద్యాలయం, అక్కణ్నుంచి నడిచి వెళ్లగలిగేంత దూరంలో సీతాఫల్‌మండిలో ఒక మేడగది. ఉన్నది మూడు రోజులు. ఆ మూడు రోజులూ పొగమంచులోంచి చూసినట్టుగానే గుర్తున్నాయి. ఏది ముందో ఏది తర్వాతో కలిసిపోకముందే రాసి పెట్టుకుంటున్నాను.

నేను రేపల్లె అవతల ఒక చిన్న ఊళ్లో పాస్టరుని. ఇరవయ్యారేళ్లుగా అదే సంఘం, అదే పీఠం. పాస్టరన్నవాడు ఊరు విడవకూడని రోజు ఏడాదిలో ఒకటుంటే అది డిసెంబరు ముప్ఫై ఒకటి. గడిచిన సంవత్సరానికి కృతజ్ఞత చెప్పించి, జనాన్ని చెయ్యిపట్టుకుని కొత్త సంవత్సరంలోకి తీసుకెళ్లాల్సిన రోజు. ఈసారి ఆ పని సంఘపెద్ద దానియేలు మాస్టారికి అప్పజెప్పి, ఇరవై తొమ్మిది రాత్రి రైలెక్కాను.

కారణం మా అమ్మాయి కెజియా. ఆ విశ్వవిద్యాలయంలోనే తెలుగులో పరిశోధన చేస్తోంది. కిందటి ఏడు జనవరి ఒకటిన మా గుడిలో ఎప్పటిలాగే స్టీలు పళ్లెంలో వాగ్దానం కార్డులు పెట్టాం. ఒక్కొక్కరు వచ్చి ఒక కార్డు తీసుకుంటారు. దానిమీదున్న బైబిలు వాక్యం ఆ ఏడాదికి తమ కోసమే అనుకుంటారు. కెజియాకు వచ్చినదాంట్లో వంగిన తల పైకెత్తడం గురించిన మాట ఉంది. అప్పుడే ఆ పిల్ల లెక్చరరు పరీక్షకు కూర్చోబోతోంది. ఆ కార్డు దాని చేతిలోంచి తీసుకుని అందరికీ చదివి వినిపించాను. “ఈ ఏడాది మా అమ్మాయి లెక్చరరు అవుతుంది. ఇది నా మాట కాదు, దేవుడి మాట” అన్నాను. గుడంతా స్తోత్రం అంది.

జూలైలో ఫలితాలొచ్చాయి. కెజియా పేరు లేదు. ఆ ఆదివారం ఇంటికొచ్చి ఆడవాళ్ల వైపు మూడో వరుసలో కూర్చుంది. నేను పీఠం మీంచి, “దేవుడు మాట తప్పడు. ఎక్కడో మన విశ్వాసంలోనే లోపముంది” అన్నాను. ‘మన’ అనే అన్నాను. కానీ అందరి తలలూ ఆ మూడో వరుస వైపే తిరిగాయి. సోమవారం మొదటి బస్సుకు వెళ్లిపోయింది. క్రిస్మసుకు రాలేదు. వాళ్లమ్మకు మాత్రం ఫోనులో మూడు రోజులకొకసారి ‘బాగున్నాను’ అని ఒక్క మాట వచ్చేది.

మల్కాజ్‌గిరి, తెల్లవారుజామున

రైలు మల్కాజ్‌గిరిలో ఆగేసరికి ఇంకా వెలుతురు రాలేదు. ప్లాట్‌ఫారం మీద దీపాల చుట్టూ మంచు తిరుగుతోంది. సముద్రం దగ్గర పుట్టి పెరిగినవాణ్ని, ఈ చలి నాకు కొత్త. ముక్కు కొసన మొదలై నెమ్మదిగా లోపలికి వెళ్తుంది. మా ఆవిడ బలవంతాన మెడకు చుట్టిన తువ్వాలుకు మనసులోనే దండం పెట్టుకున్నాను.

దిగాక సంచి తెరిచి చూస్తే అరిసెలు పొడైపోయి ఉన్నాయి. పైబెర్తు మీద నేను దాన్నే తలకింద పెట్టుకుని పడుకున్నాను. కెజియా కోసం మా సంఘంలో సంతోషమ్మ అనే ముసలావిడ స్వయంగా చేసిచ్చినవి అవి.

స్టేషను బయట టీ ఇరవై రూపాయలు. మా ఊళ్లో పదికి నిండు గ్లాసు పోస్తారు. ఇక్కడ అరచేతిలో దాక్కునే కప్పు, కానీ రుచి వేరు. పాలు గంటలకొద్దీ మరిగిన చిక్కదనం. తార్నాకకు ఆటోవాడు రెండొందలు అడిగి నూట యాభైకి దిగాడు.

“గాడ ఎవలున్నరు సార్, అల్లుడా?” అన్నాడు, లాలాగూడ రైల్వే క్వార్టర్ల పక్కనుంచి పోనిస్తూ.

“కాదు బాబూ, అమ్మాయి. యూనివర్సిటీలో చదువుకుంటోంది.”

“మంచిగుంటరు సార్ సదువుకునేటోళ్లు. మా చెల్లె కూడ గాడనే చదివింది. ఇప్పుడు బ్యాంకుల చేస్తున్నది.”

నేను బయటికి చూస్తూ కూర్చున్నాను. దారి పక్క ఇళ్ల ముందు ఆడవాళ్లు నీళ్లు చల్లుతున్నారు. చీపురు చప్పుడు, రైలు కూత, ఎక్కడో మసీదులోంచి వస్తున్న పిలుపు అన్నీ మంచులో ఒకదానిలోకి ఒకటి కరిగిపోతున్నాయి. నిద్రలేని కళ్లకు ఆ ఊరు నిజంగా ఉందో లేదో తెలియడం లేదు.

హాస్టలు గేటు

క్యాంపస్ లోపలికి అడుగుపెట్టగానే తార్నాక రొద వెనకబడింది. రోడ్డుకు రెండు వైపులా పెద్ద పెద్ద చెట్లు. వాటికింద పొద్దున్నే నడకకు వచ్చినవాళ్లు శాలువాలు కప్పుకుని, ఒకళ్లనొకళ్లు పలకరించుకోకుండా, నీడల్లా వెళ్తున్నారు. రెండు నెమళ్లు రోడ్డు దాటాయి. ఎవరూ తలతిప్పి చూడలేదు.

అమ్మాయిల హాస్టలు గేటు దగ్గర ఒక వాచ్‌ఉమన్ ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉంది. కెజియా పేరు చెప్పాను.

“పొడుగ్గుంటది, అద్దాలు పెట్టుకుంటది, గామెనా? గామె ఆగస్టులనే ఖాళీ చేసింది గద సార్. మీరు ఏమైతరు?”

“వాళ్ల నాన్నని.”

ఆవిడ నన్ను కిందికీ పైకీ చూసింది. “మీకే ఎరుక లేదా?”

చేతిలో అరిసెల పొడి సంచి పట్టుకుని అలా నిలబడ్డాను. ఏమనుకుందో, ఆవిడ లేచి తన కుర్చీ నాకిచ్చింది.

“జర కూసో సార్. పరేషాన్ గాకు. ఆమె రూముల ఇద్దరికి నౌకరీలొచ్చినయి. గాళ్లు స్వీట్లు పంచిన్రు, డాన్సులు చేసిన్రు. గా వారమే ఈమె పెట్టె సదురుకున్నది. యాడికి పోతున్నవ్ బిడ్డా అంటే నవ్వింది. తార్నాకల రొట్టెల యాదమ్మ ఉంటది, ఆమె ఇంట్ల ఉంటున్నదని అన్నరు. యాదమ్మ సాయంత్రమే బండి పెడతది, అంతదాంక ఆగాలె.”

ఫోను చేద్దామని రెండుసార్లు తీశాను. చేస్తే ఎత్తదేమోనన్న భయం, ఎత్తితే ఏం మాట్లాడాలోనన్న భయం. పగలంతా క్యాంపస్‌లోనే తిరిగాను. మధ్యాహ్నం క్యాంపస్ నడుమ రాతితో కట్టిన పెద్ద కాలేజీ ఎదుట పచ్చికలో తువ్వాలు పరుచుకుని పడుకున్నాను. ఎండ వెచ్చగా ఉంది. నిద్రకూ మెలకువకూ మధ్య గడిచిన ఏడాది నెలలు వరుసగా కళ్లముందు కదిలాయి. జనవరిలో స్తోత్రాలు. ఏప్రిల్లో మా ఆవిడ మోకాలి నొప్పి. జూలైలో ఆ మూడో వరుస. ఆ వరుస దగ్గరకు వచ్చేసరికి ప్రతిసారీ మెలకువ వచ్చేసేది. మళ్లీ కళ్లు మూసుకుంటే మళ్లీ జనవరి నుంచి మొదలయ్యేది.

తార్నాక, రొట్టెల బండి

సాయంత్రం ఐదింటికి తార్నాక ఒక్కసారిగా నిండిపోయింది. పైన మెట్రో రైలు వెళ్తోంది, కింద బస్సులు. బేకరీల ముందు కేకు డబ్బాలు గోడల్లా పేర్చారు. మా ఊళ్లో కొత్త సంవత్సరం కేకు క్రైస్తవుల ఇళ్లలోనే కోస్తారు. ఇక్కడ బొట్టు పెట్టుకున్న ఆడవాళ్లు, అయ్యప్ప మాలలో ఉన్నవాళ్లు కూడా వరుసలో నిలబడి కొనుక్కుంటున్నారు.

యాదమ్మ బండి వెతకక్కర్లేకపోయింది, జొన్నరొట్టె కాలుతున్న వాసనే తీసుకెళ్లింది. యాభై అయిదేళ్లుంటాయి. పిండి ముద్దను రెండు అరచేతుల మధ్య తడుతుంటే నిండు చంద్రుడిలా గుండ్రంగా పెరుగుతోంది. రొట్టె ఇరవై రూపాయలు, దాంతో ఎల్లిపాయ కారం, వంకాయ కూర. మాది అన్నం తినే దేశం. జొన్నరొట్టె నమలడానికే నాకు పావుగంట పట్టింది. కారం మాత్రం గుంటూరు వాణ్నైన నాకే చెమటలు పట్టించింది.

“ఏంది, మంటైతుందా?” అని నవ్వి మజ్జిగ ఇచ్చింది. “ఏ ఊరు మీది?”

ఊరు చెప్పాను. ఆవిడ చేతుల్లో తట్టడం ఆగిపోయింది.

“కెజియా నాయనవా నువ్వు? పాస్టరువి?”

అవునన్నాను.

“కెజియా చెప్పింది. చెడ్డగ ఏం చెప్పలే, భయపడకు. మా నాయన మంచిగ మాట్లాడుతడు, వెయ్యిమంది వింటరు అని చెప్పింది.” రొట్టె తిరగేసి, “నీతోటి మాట్లాడుతనన్న మాట మాత్రం ఎన్నడు అనలే” అంది.

ఆవిడది జనగామ వైపు పల్లె. భర్త లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో పనిచేసి పోయాడు. ఇద్దరు కూతుళ్లకూ పెళ్లిళ్లయ్యాయి. సీతాఫల్‌మండిలో చిన్న ఇల్లు, పైన ఒక గది. ఆ గదిలోనే మా అమ్మాయి. అద్దె తీసుకోవట్లేదా అని అడిగితే కొట్టేలా చూసింది. “తీసుకుంట. ఎందుకు తీసుకోను? గానీ గామె నాకు అచ్చరాలు నేర్పుతున్నది. దానికి నేనేం ఇస్తున్న?” అంటూ ఎదురుగా ఆగిన బస్సు మీది బోర్డు వైపు పిండి వేలు చూపించింది. పెదాలు కదిలాయి. “ఉ... ప్ప... ల్.” చదవడం పూర్తయ్యేసరికి బస్సు కదిలింది. ఆవిడ మొహంలో వెలుగు మాత్రం అలాగే ఉండిపోయింది. “ముప్పై ఏండ్లు గీ బస్సులు చూస్తున్న. గా బోర్డు మీద ఏమున్నదో గీ యాడాదే ఎరుకైంది.”

అప్పుడే వెనక నుంచి, “పెద్దమ్మా, పిండి తెచ్చా” అని వినిపించింది.

తిరిగి చూశాను. కెజియా చంకలో పిండి డబ్బాతో నిలబడి ఉంది. కాస్త చిక్కింది. నన్ను చూసి డబ్బా కింద పెట్టింది. మొహంలో భయం.

“అమ్మకి బాగానే ఉందా?”

“బాగానే ఉందమ్మా. అందరూ బాగానే ఉన్నారు.”

“మరి రేపు ముప్ఫై ఒకటి కదా నాన్నా. సర్వీసు ఎవరు చేస్తారు?”

“దానియేలు మాస్టారు.”

“నువ్వు లేకుండానా?”

తలూపాను. యాదమ్మ ఇద్దరినీ చూసి, “నిలబడి ఏం చూస్తున్నరు? బిడ్డా, గా గిన్నెలందుకో. అయ్యగారు, మీరు గిట్ల జరగండ్రి, గిరాకీ వస్తున్నది” అంది. ఆ సాయంత్రం మా అమ్మాయి రొట్టెలు కట్టి ఇస్తుంటే, నేను పక్కన నిలబడి కాగితం పొట్లాల్లో కారం వేశాను. మూడు గంటలు పక్కపక్కన ఉన్నాం. ‘ఇంకో కాగితం’, ‘చాలు’ తప్ప వేరే మాట లేదు. అయినా ఆరు నెలల తర్వాత నా గుండె నెమ్మదిగా కొట్టుకోవడం నాకు తెలుస్తూనే ఉంది.

సీతాఫల్‌మండి, మేడ మీద

ముప్ఫై ఒకటి పొద్దున యాదమ్మ కూతురు వచ్చి వాకిట్లో ‘హ్యాపీ న్యూ ఇయర్’ అని రంగుల ముగ్గు మొదలుపెట్టింది. నేను రాత్రి కింద ముందుగదిలో పడుకున్నాను. లేచి పైకి వెళ్తే కెజియా మేడమీద ఎండలో జొన్నలు పరుస్తోంది. దూరంగా లోకల్ రైలు మంచును చీల్చుకుని వెళ్తోంది.

అరిసెల పొడి గిన్నెలో పోసి చెంచాతో ఇచ్చాను. “సంతోషమ్మ పంపింది. దారిలో నేనే నలిపేశాను.”

సంతోషమ్మ పేరు వినగానే దాని చెయ్యి ఆగింది. ఆ ముసలావిడ ఆరు నెలలపాటు శుక్రవారాలు కెజియా పరీక్ష కోసం ఉపవాసముంది. “ఆవిడ మొహం ఎలా చూడను నాన్నా? అన్ని శుక్రవారాలు కడుపు మాడ్చుకుంది. నా వల్ల అదంతా వృథా అయిపోయింది కదా.”

“నేనూ అదే అన్నానమ్మా ఆవిడతో. పిల్ల నీకు మొహం చూపించలేకపోతోంది అని. ఆవిడ నన్ను కోప్పడింది. ‘ఉజ్జోగం కోసరం పస్తున్నానని నీకెవరు చెప్పారయ్యగారా? నేనున్నది పిల్ల కోసరం. ఇప్పటికీ ఉంటన్నాను’ అంది.”

కెజియా చెంచా గిన్నెలో పెట్టేసి గోడ వైపు తిరిగింది. అటు తిరిగే మాట్లాడింది.

“పరీక్ష పోయినందుకు నేను ఊరు వదల్లేదు నాన్నా. పరీక్షలు పోతాయి, మళ్లీ వస్తాయి. ఆ ఆదివారం నువ్వన్న మాటకి వదిలాను. ఆ కార్డు నాకొచ్చింది. దాన్ని నేను రాత్రిపూట ఒక్కదాన్నే చదువుకునేదాన్ని. నువ్వు దాన్ని నా చేతిలోంచి లాక్కుని ఊరందరికీ హామీ రాసిచ్చావు. అది జరక్కపోయేసరికి, నీ మాట పోకుండా నన్ను ముందు నిలబెట్టావు.”

“అట్లా కాదమ్మా, విశ్వాసమంటే...”

“చూడు, మళ్లీ మొదలుపెట్టావు.”

నిజమే. మళ్లీ మొదలుపెట్టాను. ప్రసంగంలోలాగా పద్ధతిగా మూడు పాయింట్లు నా నాలుక మీదకు వచ్చేశాయి. కెజియా పుస్తకాల సంచి తీసుకుని, “లైబ్రరీకి వెళ్తున్నా. సాయంత్రం ఆరింటికి తార్నాకలో గుడికెళ్తా. వస్తే రా” అని మెట్లు దిగింది. నేను ఆ జొన్నల పక్కన కూర్చున్నాను. గుడికి వెళ్లడం మానలేదన్నమాట, అనుకున్నాను. ఆ సంతోషం వెనకే సిగ్గు కూడా వచ్చింది. ఇన్నాళ్లూ నాకు నిద్ర పట్టనివ్వని భయాల్లో మొదటిది, అది గుడి మానేసి ఉంటుందని. పాస్టరు కూతురు గుడి మానేసిందని నలుగురూ అంటారేమోనని.

అంటే ఆ భయం కూడా నా కోసమే పడ్డాను.

గుడిలో, ఒకే బల్ల మీద

ఆ గుడిలో రెండు ఆరాధనలు పెట్టారు. సాయంత్రం ఆరింటికి పెద్దవాళ్ల కోసం ఒకటి, అర్ధరాత్రికి ఇంకొకటి. మేం సాయంత్రం దానికి వెళ్లాం. గుమ్మం దగ్గర నేను చెప్పులు విప్పాను.

“ఇక్కడ విప్పక్కర్లేదు నాన్నా.”

“అలవాటమ్మా.”

లోపల అందరూ బూట్లతో ఉన్నారు. మా గుడిలో నేలమీద చాపలు, మగవాళ్లు కుడివైపు, ఆడవాళ్లు ఎడమవైపు. ఇక్కడ పొడవాటి చెక్క బల్లలు, కుటుంబాలన్నీ కలిసి కూర్చుంటున్నాయి. కెజియా వెనక నుంచి రెండో బల్లలోకి వెళ్లి నాకు చోటు వదిలింది. చల్లటి గచ్చు మీద ఒట్టి కాళ్లు పెట్టుకుని దాని పక్కన కూర్చున్నాను. అప్పుడు తట్టింది. ఇరవయ్యారేళ్ల మా అమ్మాయి పక్కన నేను గుడిలో కూర్చోవడం అదే మొదటిసారి. అది పుట్టినప్పటి నుంచీ ఆరాధన జరిగినంతసేపూ నేను పీఠం మీదే ఉన్నాను.

పీఠం కింది నుంచి చూస్తే గుడి వేరేలా ఉంటుంది. ముందున్నవాళ్ల వీపులు కనిపిస్తాయి. ఒకాయన స్వెటరు భుజం దగ్గర కుట్టు విడిపోయింది. ఒకామె పాట పాడుతూ పాడుతూ మధ్యలో ఆగి కొంగుతో ముక్కు తుడుచుకుంటోంది. ఆమెకు ఈ ఏడాది ఏం జరిగిందో ప్రసంగం చేసేవాడికి తెలియదు. పక్కనున్నవాడికి మాత్రం ఆ ముక్కు చప్పుడు వినిపిస్తుంది. కొవ్వొత్తుల వెలుగులో ఆ వీపులన్నీ నెమ్మదిగా ఊగుతుంటే, ఒడ్డున నిలబడి ఇన్నాళ్లూ చూసిన నీళ్లలోకి మొదటిసారి దిగినట్టనిపించింది.

అక్కడి పాస్టరు కుర్రవాడు, ప్రసంగం తక్కువే చేశాడు. కార్డుల పళ్లెం లేదు. చివర్లో మాత్రం ఇలా అన్నాడు: “వచ్చే సంవత్సరం ఏం జరుగుతుందో మీకు చెప్పడానికి నాకు తెలియదు. ఎవరు మనతో ఉంటాడో మాత్రం తెలుసు. ఇప్పుడు రెండు నిమిషాలు మీ పక్కనున్న మనిషి వైపు తిరగండి. ఈ ఏడాది వాళ్లకు బాకీపడ్డ మాట ఏదైనా ఉంటే చెప్పండి.”

గుడిలో సర్దుకుంటున్న బట్టల చప్పుడు. ఎక్కడో ఒక నవ్వు, ఎక్కడో ఒక వెక్కు. నేను కెజియా వైపు తిరిగాను. పాయింట్లు ఏవీ రాలేదు.

“నా మాట పోతుందని భయపడ్డానమ్మా. దేవుడి పేరు చెప్పి నా పరువు కాపాడుకున్నాను. నిన్ను అడ్డం పెట్టుకున్నాను. తప్పు నాదే. క్షమించు.”

అది నా ఒట్టి కాళ్ల వైపు చూసింది. తర్వాత కళ్లు మూసుకుంది. నెమ్మదిగా, పక్కవాళ్లకు కూడా వినబడనంత చిన్నగా ప్రార్థన మొదలుపెట్టింది.

“ప్రభువా, మా నాన్నకి భయం ఎక్కువ. అది నీకూ తెలుసు. ఆయన భయమే నాకూ వచ్చింది. అందుకే నేనూ చెప్పకుండా వెళ్లిపోయాను. మా ఇద్దరినీ క్షమించు. వచ్చే ఏడాది ఏం ఇస్తావో మాకు తెలియదు. తెలియకుండానే నీ వెనక వస్తాం. ఆమేన్.”

నా కోసం లెక్కలేనన్ని ప్రార్థనలు విన్నాను. పెద్దలు, మహాసభల్లో పేరున్న ప్రసంగీకులు నా తలమీద చేతులుంచి చేసినవి. ఆ మేడగది పిల్ల చేసిన ఈ చిన్న ప్రార్థన దగ్గర నేను మొదటిసారి ఆమేన్ అనలేకపోయాను. అది నా మోచేతి మీద చెయ్యి వేసింది.

బయటికొస్తే నా చెప్పుల్లో ఒకటే ఉంది. చలిలో ఒంటికాలి మీద నిలబడి వెతికాను. గేటు దగ్గర ఒక వీధికుక్క రెండోదాన్ని ముందుకాళ్ల మధ్య పెట్టుకుని ప్రశాంతంగా నములుతోంది. కెజియా పగలబడి నవ్వింది. ఆ నవ్వు విని ఎంతకాలమైందో. ఆ సగం నమిలిన చెప్పుతోనే సీతాఫల్‌మండి దాకా నడిచాను. కాలు నొప్పి పెడుతున్నా ఆ దారి ఇంకాస్త పొడవుంటే బాగుండనిపించింది.

జనవరి ఒకటి, క్యాంపస్‌లో

పొద్దున్నే యాదమ్మ ఎప్పటికన్నా మంచి చీర కట్టుకుని తయారైంది. పండగపూట అచ్చరాలు మానేది లేదట. ముగ్గురం క్యాంపస్ లోపలి నుంచి నడిచాం. మంచు ఇంకా చెట్ల మొదళ్ల దగ్గరే ఉంది. రాతి కాలేజీ మెట్ల మీద లాలాగూడ క్వార్టర్ల నుంచి వచ్చిన నలుగురు ఆడవాళ్లు పలకలతో కూర్చుని ఉన్నారు. ఆదివారాలు, సెలవు రోజులు కెజియా వాళ్లకు అక్కడ చదువు చెబుతుందట. అందరూ నాకు హ్యాపీ న్యూ ఇయర్ చెప్పారు. ఒకామె కుంకుమ పెట్టిన ప్రసాదం లడ్డూ ఇవ్వబోయి, మీరు తింటరో తినరోనని వెనక్కి తీసుకుంది. ఆ మొహమాటం చూసి నేనే చెయ్యి చాపి, మీ ఇంట్లో చేసినదేమైనా ఉంటే పెట్టమ్మా అన్నాను. బియ్యప్పిండితో కాల్చిన సర్వపిండి ముక్క పెట్టింది. కరకరలాడుతూ ఎంత బాగుందో.

నేను పై మెట్టు మీద కూర్చుని చూశాను. కెజియా పలక మీద ‘నీరు’ అని రాసి పలికిస్తోంది. ఒకామెకు ‘రు’ రావట్లేదు, చెయ్యి పట్టి దిద్దించింది. మళ్లీ తప్పు రాసింది. మళ్లీ చెయ్యి పట్టింది. తొందర లేదు. విసుగు లేదు. మళ్లీ పరీక్ష రాస్తావా అని అడగాలనిపించి, అడగలేదు. నిరీక్షణ అనే మాట మా ఆరాధనలో ప్రతివారం నా నోటి మీదుగానే వెళ్తుంది. కానీ నేను ఇన్నాళ్లూ దాన్ని జోస్యంలా వాడానని ఆ మెట్ల మీద అర్థమైంది. జరగబోయేది ముందే తెలిసినవాడికి నిరీక్షించడంతో పనేముంది? తెలియనివాడే ఎదురు చూస్తాడు, మంచులో ఆ నలుగురు ఆడవాళ్లు తర్వాతి అక్షరం కోసం చూసినట్టు. పైన ఎండ నెమ్మదిగా రాళ్ల మీద గులాబీ రంగు పూసింది. ఎంతసేపు కూర్చున్నానో తెలియదు.

తిరుగు దారి

సాయంత్రం మల్కాజ్‌గిరి స్టేషనుకు కెజియా వచ్చింది. బయల్దేరేటప్పుడే యాదమ్మ రొట్టెలు, కారం పొట్లం కట్టి ఇచ్చి, “కెజియా అమ్మకు చెప్పుండ్రి, బిడ్డ గీడ ఒక్కతే లేదని” అంది.

రైలు వచ్చేముందు అమ్మాయి, “ఈస్టరుకి వస్తా నాన్నా” అంది. సంచి నా చేతికిస్తూ, “సంతోషమ్మకి మాత్రం నేనే ఫోన్ చేస్తా. నువ్వు చెప్పకు” అంది. సరేనన్నాను. ఇంటికి వచ్చెయ్యమని నేను అడగలేదు, అదీ అనలేదు. రైలు కదిలాక కిటికీలోంచి చూశాను. అది ప్లాట్‌ఫారం చివరి దాకా నడుస్తూ వచ్చింది.

తర్వాతి ఆదివారం మా గుడిలో నేను పీఠం ఎక్కలేదు. కింద, చాపల మధ్య నిలబడి, జనవరిలో ఏమన్నానో, జూలైలో ఏమన్నానో, ఎందుకన్నానో ఉన్నదున్నట్టు చెప్పాను. తప్పు పిల్లది కాదు, నాది అన్నాను. చెప్పాల్సింది అయిపోయింది. ఆ తర్వాత ఏం చేయాలో తెలియక అలాగే నిలబడ్డాను. ఎవరూ స్తోత్రం అనలేదు. దానియేలు మాస్టారు చాపమీద కాస్త పక్కకు జరిగి, చేత్తో ఆ ఖాళీ తట్టి, “రండి అయ్యగారూ, కూర్చోండి” అన్నాడు.

వెళ్లి ఆయన పక్కన కూర్చున్నాను. ఆడవాళ్ల వైపు నుంచి ఎవరో పాట ఎత్తుకున్నారు.